కజాన్‌లో అసలు పాత మసీదులు చెరువు ఒడ్డున ఉన్నాయి

సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో కజాన్ నగరం మీద వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. రష్యాలో వోల్గా ఒడ్డున ఉన్న ఆ ఊరి గురించి తెలుగులో అంత వివరంగా రావడం సంతోషం. మా మనవరాలు అక్కడే ఎంబీబీఎస్ నాలుగో ఏడు చదువుతోంది కాబట్టి మా ఇంట్లో ఆ పేజీలు చేతులు మారి మారి నలిగిపోయాయి. అయితే నీలం గుమ్మటం ఉన్న పెద్ద మసీదు ఫొటో కింద ‘16వ శతాబ్దపు కుల్ షరీఫ్ మసీదు’ అని వేశారు. అది తప్పు. ముప్పై నాలుగేళ్లు పిల్లల నోటుబుక్కులు దిద్దిన చెయ్యి ఊరుకోవడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆ మసీదు పని 1996లో మొదలైంది. 2005లో నగరం వెయ్యేళ్ల పండుగ చేసుకున్నప్పుడు తెరిచారు. అది నిలబడ్డ కజాన్ కోటలో పూర్వం ఒక మసీదు ఉండేదన్నది నిజమే. 1552లో రష్యాను ఏలిన ఇవాన్ జారు, అదే మనం చరిత్ర పుస్తకాల్లో ‘భయంకర ఇవాన్’ అని చదువుకున్నాయన, కజాన్‌ను పట్టుకున్నప్పుడు అది పోయింది. ఆ రోజు శత్రువులకు ఎదురునిలిచి ప్రాణాలు విడిచిన ఇమాము పేరే కుల్ షరీఫ్. ఆ పేరు కొత్త మసీదుకు పెట్టారు. చూడటానికి చాలా బాగుంటుంది, కాదనను. కానీ అది మా మనవరాలి కంటే రెండేళ్లు చిన్నది.

తప్పు ఒక్కటే అయితే ఒక కార్డు ముక్క రాసి ఊరుకునేదాన్ని. మీ వ్యాసంలో కోట ఉంది, వోల్గా మీద పడవ షికారు ఉంది, బౌమన్ వీధిలో షాపింగ్ ఉంది. తాతార్లంటే తుర్కీ జాతి భాష మాట్లాడే అక్కడి ముస్లింలు. వాళ్ల పాత పేట మాత్రం ‘రంగురంగుల చెక్క ఇళ్లు కూడా చూడవచ్చు’ అనే ఒక్క వాక్యంతో అయిపోయింది. రాసినవారిని తప్పు పట్టను. మొదటి రోజు నాకూ అదే జరిగింది.

మా అమ్మాయీ అల్లుడూ ముచ్చటపడి టిక్కెట్టు తీసి నన్ను కజాన్ పంపించారు. సెప్టెంబరు నెల. చలి ఇంకా రాలేదని మనవరాలు అంటుంది, నాకు మాత్రం రెండు స్వెట్టర్లు చాలలేదు. ఒక టూరు వాళ్ల బస్సు ఎక్కాం. వాళ్ల పేరు ఎందుకు లెండి. కాగితంలో ‘తాతార్ పేట, మసీదులు: రెండు గంటలు’ అని ఉంది. ఎక్కిన తర్వాత బస్సు కిటికీలోంచి ఒక తెల్లటి భవనాన్ని చూపించి ‘కుడివైపు మసీదు’ అన్నారు. నేను ఎడమవైపు కూర్చున్నాను. ఆ తర్వాత టోపీలు, అయస్కాంతం బొమ్మలు అమ్మే ఒక కొట్టు ముందు నలభై నిమిషాలు ఆపారు. అంతే రెండు గంటలు. డబ్బు పోయినందుకు కాదు గానీ, మోకాళ్ల నొప్పుల మనిషిని అంత దూరం వెళ్లి, కుడివైపు మసీదును ఎవరిదో తలకాయ పక్కనుంచి చూసి రావాలా అనిపించింది. ఆ రాత్రి మనవరాలు, “అమ్మమ్మా, రేపు క్లాసులు లేవు. మెల్లగా నడుద్దాం, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చుందువు” అంది.

పొద్దున్నే మెట్రో ఎక్కి తుకాయ్ స్క్వేర్ స్టేషన్‌లో దిగాం. ఆ మెట్రోలో స్టేషన్ పేరు రష్యన్‌లో, తాతార్‌లో, ఇంగ్లీషులో వరసగా చెబుతారు. మూడింటిలో ఏది ఏదో కనిపెట్టడం నాకు ఆటగా ఉండేది. అక్కడినుంచి నడక దూరమే కబాన్. దాన్ని సరస్సు అంటారు గానీ నాకు మన పెద్ద చెరువులా అనిపించింది, పొడుగ్గా ఊరి మధ్యనుంచి సాగిపోతుంది. 1552 తర్వాత తాతార్లను కోటగోడల లోపల ఉండనివ్వలేదు. వాళ్లు వచ్చి ఈ ఒడ్డున ఇళ్లు కట్టుకున్నారు. అంతకుముందు కజాన్‌ను ఏలిన ఖాను తన ఖజానా ఈ నీళ్లలోనే ముంచేశాడని ఇప్పటికీ కథ చెప్పుకుంటారట. చెరువు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి ఒక కథ ఉంటుందేమో!

ఒడ్డుకు దగ్గరగా కయూమ్ నసీరీ వీధిలో మర్జానీ మసీదు ఉంది. ముందు రోజు బస్సులోంచి చూపించిన ‘కుడివైపు మసీదు’ అదే. ఎదురుగా నిలబడి చూస్తే వెంటనే మసీదు అనిపించదు. రెండంతస్తుల తెల్లటి మేడ, కిటికీల చుట్టూ నగిషీలు, పైన ఆకుపచ్చ రేకుల కప్పు. ఎవరో జమీందారు ఇల్లు అనుకుంటాం. అయితే కప్పు నడిమధ్యలోంచి ఒక మినారు లేస్తుంది. మన వైపు మినారులు పక్కనో మూలల్లోనో ఉంటాయి. వీళ్ల పాత మసీదులకు ఇంటి కప్పు మీదనే, దూలం మధ్యలో కలశం పెట్టినట్టు ఉంటుంది. ఆ రోజంతా మేం దారి కనుక్కున్నది వాటిని చూసే.

దీన్ని 1766లో మొదలుపెట్టి 1770లో ముగించారు. అంతకు పాతికేళ్ల ముందు కజాన్ రాష్ట్రంలో ఉన్న 536 మసీదుల్లో 418 సర్కారు ఉత్తర్వు మీద పడగొట్టారు. ఆ మసీదులు కూలడం చూసినవాళ్లు, వాళ్ల పిల్లలు, చందాలు వేసుకుని కట్టుకున్న మొదటి రాతి మసీదు ఇది. 1552 తర్వాత కజాన్‌లో రాతితో కట్టిన మసీదు అంతవరకూ లేదు. 1767లో రష్యా మహారాణి కేథరిన్ ఊరికి వచ్చింది. మినారు మరీ ఎత్తు కడుతున్నారని ఊరి అధికారులు ఆమెకు ఫిర్యాదు పంపారట. ‘నేల మీద ఎంత చోటు అన్నది నేను చెబుతాను, ఆకాశం నా ఏలుబడిలో లేదు’ అని ఆమె జవాబు ఇచ్చిందని చెబుతారు. ఆమె నిజంగా అన్నదో, తర్వాత ఎవరైనా అల్లారో గానీ, పేటలో ఎవరిని అడిగినా ఆ మాట సొంత అత్తగారు అన్నట్టే చెబుతారు.

చెప్పులు విప్పి, తలకు కొంగు కప్పుకుని లోపలికి వెళ్లాం. నమాజు చేసేది పై అంతస్తులో. కప్పు మీద ఆకుపచ్చా బంగారు రంగుల్లో తీగలూ పూలూ, సున్నపు నగిషీ. నేను తల పైకెత్తి అలా చూస్తూ నిలబడిపోతే, ఒక కుర్రాడు చప్పుడు చేయకుండా కుర్చీ తెచ్చి నా వెనక పెట్టాడు. సోవియట్ రోజుల్లో ఊళ్లో మిగతా మసీదులన్నీ మూతపడ్డా ఇక్కడ ఒక్కచోట నమాజు ఆగలేదట. మర్జానీ అన్నది 1850 నుంచి 1889లో పోయేదాకా ఇక్కడ ఇమాముగా ఉన్న పండితుడి పేరు. బుఖారా, సమర్‌ఖండ్‌లలో పదేళ్లకు పైగా చదువుకుని తిరిగొచ్చి, తన జాతి చరిత్ర తన భాషలో రాశాడు.

అదే వీధిలో నాలుగు అడుగులు వేస్తే అపనాయెవ్ మసీదు. ఒకప్పుడు వాటిని ఒకటో మసీదు, రెండో మసీదు అని అంకెలతో పిలిచేవారు. ఒక్కో మసీదు చుట్టూ ఒక్కో మహల్లా. అపనాయెవ్ రెండోది. 1930లో దీన్ని మూసేసి, లోపల అటకలు వేసినట్టు మూడంతస్తులుగా విడగొట్టి చిన్నపిల్లల బడి పెట్టారు. ఇప్పుడు మళ్లీ తీర్చిదిద్దారు. నమాజు గదిలో పిల్లల మంచాలు వేశారంటే కోపం రావాలి. ముప్పై నాలుగేళ్ల టీచరు బుద్ధి కదా, ‘గోదాము చేయలేదు, బడి చేశారు, నయం’ అని అనేశాను. మనవరాలు నవ్వింది. ఆ పేటలోనే నీలి మసీదు అని ఇంకో పాత మసీదు ఉంది. దాని మినారు కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కొత్తగా కట్టింది. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు, నా మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. కబాన్ అవతలి ఒడ్డున కనిపించే మసీదు మాత్రం విచిత్రం. అది 1920లలో, సోవియట్ ప్రభుత్వం వచ్చాక కట్టింది. వోల్గా తీరంలో 922లో అక్కడివాళ్లు ఇస్లాం స్వీకరించి వెయ్యేళ్లయిన గుర్తుగా కట్టారట.

ఇక వీధుల సంగతి. పసుపు, నీలం, ఆకుపచ్చ చెక్క ఇళ్లని మీరు రాశారు, సరే. దగ్గరికి వెళ్లి చూస్తే ప్రతి కిటికీకీ చెక్క చట్రం మీద చెక్కడం వేరు. ఒకదాని మీద సూర్యుడు, ఇంకోదాని మీద లేసు అల్లిక. ఇంటి పక్కన పెద్ద చెక్క తలుపు, దాని వెనక వాకిలి. తోళ్లు, సబ్బు, టీ వ్యాపారాలు చేసిన కుటుంబాలవి. ఇలాంటి ఇళ్లు నేలమట్టం అవుతుంటే ఒలేస్యా బల్తుసోవా అనే గైడు కూలిపోతున్న పాత ఇళ్ల చుట్టూ జనాన్ని కాలినడకన తిప్పి చూపించేది. చూసినవాళ్లు అడగడం మొదలుపెట్టారు, గొడవ పెద్దదైంది, 2011లో ఆమెనే కజాన్ రాజధానిగా ఉన్న తాతార్‌స్తాన్ అధ్యక్షుడి సహాయకురాలిగా తీసుకున్నారు. అన్ని ఇళ్లూ నిలిచాయని కాదు. కొన్ని మరీ కొత్తగా మెరుస్తుంటాయి, పాత చెక్క ఎంత, కొత్త చెక్క ఎంత అన్నది తెలియదు. గోరుతో గీకి చూశాను, మనవరాలు చెయ్యి లాగేసింది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మాది మార్కాపురం. మేం నూర్‌బాషాలం, ఊళ్లో దూదేకులవాళ్లం అంటారు. మా ఇంట్లో నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో. హైదరాబాదులో ఏ పెళ్లికి వెళ్లినా “ముస్లింలై ఉండి ఉర్దూ రాదా?” అని అడుగుతారు. బడిలో చేరిన కొత్తలో “ముస్లిం అయి ఉండి తెలుగు టీచరా?” అని కూడా అడిగారు. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. అలాంటిదాన్ని, ఈ పేటలో వీధికి పేరున్న కయూమ్ నసీరీ ఎవరా అని మనవరాలిని అడిగాను. ఆమె ఫోన్‌లో చూసి చదివి చెప్పింది. 1825లో పుట్టాడు, 1902లో పోయాడు. ఆ కాలంలో తాతార్ పండితులు అరబ్బీ, ఫారసీ, తుర్కీ కలిపిన గ్రాంథికంలో రాసేవారు. ఈయన ఇంట్లో మాట్లాడే తాతార్‌లో రాశాడు. వ్యాకరణం రాశాడు, నిఘంటువు చేశాడు, 1871 నుంచి ఏటేటా క్యాలెండరు అచ్చేసి అందులో వైద్యం, వంట, భూగోళం అన్నీ జనం భాషలో పెట్టాడు. తాతార్ పిల్లలకు రష్యన్ నేర్పాడని సొంతవాళ్లే ‘రష్యన్ కయూమ్’ అని వెక్కిరించారు.

నాకు గిడుగువారు గుర్తుకొచ్చారు. అక్కడ చెరువు ఒడ్డున బెంచీ మీద కూర్చుని మనవరాలికి గిడుగు రామమూర్తి పంతులు గురించి పాఠం మొదలుపెట్టాను. పాపం, సెలవు రోజు.

అదే బెంచీ చివర ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పూల రుమాలు గడ్డం కింద ముడి వేసుకుంది, పక్కన పాల ప్యాకెట్లున్న సంచీ. మేం మాట్లాడుకునే భాష ఏదని రష్యన్‌లో అడిగింది. తెలుగు అని మనవరాలు చెప్పింది. ఆమెకు తెలుగు తెలియదు, నాకు ఆమె భాష తెలియదు. మధ్యలో మనవరాలి రష్యన్ ఆసరా. నేను టీచరునని చెప్పాక ఆమె నా చేతిలో పెన్ను చూపించి “కలెమ్” అంది. నేను “కలం” అన్నాను. ఆమె కళ్లు పెద్దవి చేసి సంచీలోంచి రసీదు ముక్క తీసి “కెగజ్” అంది. “కాగితం” అన్నాను. ఇక ఇద్దరం ఆగలేదు. జవాప్, జవాబు. ఖెబెర్, కబురు. దున్యా, దునియా. సబిన్ అని చేతులు రుద్దుకుంటూ చూపించింది, సబ్బు! తాతార్‌ది తుర్కీ భాషల కుటుంబం, మనది ద్రావిడం. అరబ్బీ, ఫారసీ మాటలు ఒకవైపు వోల్గా దాకా, ఇంకోవైపు మార్కాపురం దాకా నడిచివచ్చి ఉంటాయి. ముప్పై నాలుగేళ్లు ‘కబురు’ అన్యదేశ్యమని పిల్లలకు చెప్పాను గానీ, ఆ అన్యదేశపు మనిషి ఎదురుగా కూర్చుని ఆ మాట అంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఇంతలో ఆవిడ మనవడు స్కూటర్ తోసుకుంటూ వచ్చాడు, పదేళ్లుంటాయి. ఆవిడ తాతార్‌లో అడుగుతోంది, వాడు రష్యన్‌లో బదులిస్తున్నాడు. 2017 నుంచి అక్కడ బడుల్లో తాతార్ అందరికీ తప్పనిసరి కాదు, తల్లిదండ్రులు కావాలని రాసి ఇస్తేనే చెబుతారు. “వీడికి అర్థమవుతుంది, నోరే తిరగదు” అని ఆవిడ అన్నట్టు మనవరాలు చెప్పింది. ఆ మాట నేను మార్కాపురంలో ఎన్ని ఇళ్లలో విన్నానో. అక్కడైతే రష్యన్, ఇక్కడైతే ఇంగ్లీష్ మీడియం. మనవరాలు ఆ వాక్యం తర్జుమా చేసి, కాసేపు చెరువు వైపు చూస్తూ కూర్చుంది. ఆమె కూడా తెలుగు రాయడంలో ఒత్తులు మింగేస్తుంది.

గబ్దుల్లా తుకాయ్ ఇంటికీ వెళ్లాం. ఇల్లు అంటున్నాను గానీ అది ఆయనది కాదు, మూల బురుజుతో కోటలా ఉండే షామిల్ ఇల్లు, ఆయన మ్యూజియం అందులో పెట్టారు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయి ఇల్లిల్లూ తిరిగి పెరిగిన పిల్లాడు, తాతార్లకు మహాకవి అయ్యాడు. 1913లో క్షయతో పోయేనాటికి ఇరవై ఏడు నిండలేదు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 26ను వాళ్లు భాషా దినోత్సవంగా చేసుకుంటారు, మనం గిడుగువారి పుట్టినరోజు ఆగస్టు 29ని చేసుకున్నట్టే. ఆ తేదీ నా డైరీలో రాసి పెట్టుకున్నాను.

తిండి సంగతి ఒక్క మాట. ఎచ్‌పొచ్‌మాక్ అని మూడు మూలల పిండివంట ఉంటుంది. చూసి సమోసా అనుకోకండి, నూనెలో వేయరు, లోపల పచ్చి మాంసం, ఆలుగడ్డ, ఉల్లిపాయ పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. కొరికితే లోపలి రసం చీర మీద పడుతుంది, నాకు పడింది. చక్‌చక్ అనే తీపి మన సంతలో దొరికే బెల్లం మిఠాయికి అక్కలా ఉంటుంది, బెల్లం బదులు తేనె.

రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు అక్కడ డాక్టరు చదువుకు వెళ్తున్నారు, వాళ్లను చూడటానికి తల్లిదండ్రులూ వెళ్తున్నారు. అందరూ కోట దగ్గర ఫొటో దిగి, మాల్‌కు వెళ్లి వచ్చేస్తున్నారు. ఈసారి రాసేటప్పుడు వాళ్లకు ఈ పేట గురించి కాస్త చెప్పండి. బస్సు వద్దు. సగం రోజు చాలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు రద్దీ, అది తప్పించుకుని వెళ్లాలి. ఆడవాళ్లు తలకు కప్పుకోవడానికి ఒక స్కార్ఫ్, అందరూ విప్పడానికి సులువైన చెప్పులు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చెరువు ఒడ్డున బెంచీలున్నాయి.

ఆ ముసలావిడ వెళ్లేముందు రసీదు వెనక ఆ ఆరు మాటలూ తన అక్షరాల్లో రాసింది, పక్కన నన్ను తెలుగులో రాయమంది. రెండు ముక్కలుగా రాసుకుని చెరొకటి తీసుకున్నాం. “రహ్మత్” అంది, అంటే వాళ్ల భాషలో కృతజ్ఞత. దానికి తెలుగు మాట నన్ను అడిగింది. ధన్యవాదాలు అని చెబితే రెండుసార్లు ప్రయత్నించి, తల అడ్డంగా ఊపి, మళ్లీ రహ్మత్ అనే అంది.

మర్జానీ మసీదుకు మా మనవరాలు తీసిన ఫొటో ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కప్పు మీద మినారు స్పష్టంగా కనిపిస్తుంది, కింద కుర్చీలో ఉన్నది నేనే. వేస్తే దయచేసి కింద 1770 అని వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
మార్కాపురం.